కొండదారి ప్రయాణం - సైకిలు సీటు

సుదూర ప్రయాణానికి సైకిలు కొనదలచినవాడు గేర్లు ఎన్ని అని అడుగుతాడు. టైరును వేలితో నొక్కి చూస్తాడు. బ్రేకుల పట్టును పరీక్షిస్తాడు. సీటు దగ్గరకు వచ్చేసరికి అరచేతితో ఒకసారి ఒత్తి, మెత్తగా ఉంటే తృప్తిపడతాడు. కళాశాల దాకానో బజారు దాకానో పోయి వచ్చేవారికి ఆ పరీక్ష చాలు. రోజుకు ఆరేడు గంటల చొప్పున వారం పది రోజులపాటు కొండదారులలో ప్రయాణించదలచినవారికి మాత్రం అంతకంటే మోసకరమైన పరీక్ష మరొకటి లేదు. అరచేతికి దూదిలా తగిలిన సీటే మూడవనాటికి ముళ్లకంపగా మారుతుంది. కాళ్లలో సత్తువ ఉండి కూడా, కూర్చోలేక ప్రయాణాన్ని మధ్యలో విరమించుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మనిషి శరీరం సైకిలు మీద ఎలా నిలుస్తుందో ముందుగా గ్రహించాలి.

ఆంగ్లంలో సైకిలు సీటును 'శాడిల్' అంటారు. గుర్రం వీపున వేసే జీనుకు కూడా అదే పేరు. ఈ పేరులోనే అసలు విషయం ఇమిడి ఉంది. కుర్చీలో కూర్చున్నవాని బరువును దాదాపుగా కుర్చీయే మోస్తుంది. జీను మీది రౌతు సంగతి వేరు. అతని బరువులో కొంత రికాబులలో ఉంచిన పాదాల మీద పడుతుంది. గుర్రం దూకినప్పుడు అతడు పాదాల మీద లేచి ఆ అదురును తప్పించుకుంటాడు. అదే విధంగా సైకిలు తొక్కేవాని బరువును పెడళ్లు, హ్యాండిలు, సీటు అనే మూడూ పంచుకుంటాయి. ఏది ఎంత మోయాలన్నది అతని భంగిమను బట్టి నిర్ణయమవుతుంది. కనుక దానిని కుర్చీగా భావించి ఎన్నుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది. తెలుగులో మనం దానిని 'సీటు' అని పిలవడం వల్ల ఆ పొరపాటుకు మరికాస్త ఊతం దొరికిందేమోననిపిస్తుంది.

మన పల్లెలలో పాలక్యాన్లను, గడ్డిమోపులను మోసే పాతరకం సైకిలును గుర్తుకు తెచ్చుకుందాం. దాని హ్యాండిలు ఎత్తుగా ఉండి, పిడులు మనవైపు తిరిగి ఉంటాయి. తొక్కేవాడు నడుము నిటారుగా నిలిపి కూర్చుంటాడు. బరువులో అధికభాగం సీటుపైనే పడుతుంది. అందుకే ఆ సీటు వెడల్పుగా, అడుగున లావుపాటి స్ప్రింగులతో ఉంటుంది. ఆ భంగిమకు, ఆ గోతుల దారికి అది తగిన ఏర్పాటే. కొండలెక్కే సైకిలు మీద మనిషి ముందుకు వంగి కూర్చుంటాడు. అక్కడ వెడల్పాటి అంచులు ప్రతి తొక్కుకూ తొడల లోపలివైపును ఒరుసుకుంటాయి. స్ప్రింగులు కుంగుతూ లేస్తూ శరీరాన్ని అటూ ఇటూ ఊపుతాయి. ఒకచోట మేలు చేసిన వస్తువే మరొకచోట కీడు చేస్తుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

'మౌంటెన్ బైకు' అని మనం పిలిచే కొండసైకిలు ఎంతో పాతది కాదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మౌంట్ టమల్‌పాయస్ పరిసరాలలోని యువకులు 1930ల, 1940ల నాటి లావు టైర్ల సైకిళ్లను బాగుచేసుకొని మట్టిదారుల వెంట కిందికి దూకించేవారు. 1976 అక్టోబరులో వారు 'రీప్యాక్' అనే పందేన్ని ప్రారంభించారు. ఆ మరుసటి ఏడు జో బ్రీజ్ అనే యువకుడు ప్రత్యేకించి కొండదారుల కోసమే కొత్త సైకిలును నిర్మించాడు. మొదట్లో అది కొద్ది నిమిషాల పందెం. కిందికి దిగడమే దాని ఆనందం. అటువంటి ఆటలో సీటుకు పెద్ద పని లేదు. ఆ సైకిలుతోనే దేశాలను, పర్వతశ్రేణులను దాటాలన్న కోరిక కలిగిన తరువాతనే సీటు సమస్య తీవ్రమయింది.

మన దేశంలో అటువంటి ప్రయాణానికి పేరొందిన దారి మనాలి నుండి లేహ్ వరకు పోయే రహదారి. రోహతాంగ్ కనుమ మీదుగా పోతే ఇది సుమారు 470 కిలోమీటర్లు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల నుండి కూడా ఔత్సాహికులు వేసవిలో అక్కడికి వెళ్లి, ఎనిమిది నుండి పది రోజులలో దీనిని పూర్తిచేస్తుంటారు. దారిలో 3,978 మీటర్ల ఎత్తున్న రోహతాంగ్, 4,800 మీటర్లు దాటిన బారాలాచా, 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్, 5,300 మీటర్లకు పైబడిన తంగ్‌లంగ్ కనుమలు వరుసగా ఎదురవుతాయి. మనాలి నుండి రోహతాంగ్ శిఖరభాగానికి సుమారు 50 కిలోమీటర్లు. ఆ దూరంలో దాదాపు 1,900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. చాలామంది దీనిని రెండు రోజులుగా విభజించుకుంటారు. గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో పోగలిగినవానికి ఈ ఒక్క ఎక్కుడే ఏడు గంటలు పడుతుంది. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పినా ఏడు గంటలలో 25,200 సార్లు అవుతుంది. అంటే ఒక్కొక్క తొడ సీటు అంచును అన్నిసార్లు రాచుకుంటుందన్నమాట. ఒకసారి రాసుకుంటే లెక్కలోనికి రాని కుట్టు ఒకటి అన్నిసార్లు రాసుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి మరొక చిక్కు తోడవుతుంది. మైదానంలో అలసిన సైకిలిస్టు అప్పుడప్పుడు పెడళ్ల మీద నిలబడి తొక్కి, సీటుకు విశ్రాంతినిస్తాడు. నిలబడి తొక్కడానికి కూర్చుని తొక్కడం కంటే ఎక్కువ ప్రాణవాయువు కావాలి. తంగ్‌లంగ్ కనుమ ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త మాత్రమే ఎక్కువ. అక్కడ పది సెకన్లు నిలబడి తొక్కినా ఆయాసం ముంచుకొస్తుంది. అందువల్ల ప్రయాణికుడు కూర్చునే ఎక్కుతాడు. ఎత్తు పెరిగేకొద్దీ సీటు మోయవలసిన కాలం కూడా పెరుగుతుంది. నగరంలో ఆదివారం ఉదయం రెండు గంటలు హాయిగా అనిపించిన సీటు హిమాలయాలలో ద్రోహం చేయడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

ఇక శరీర నిర్మాణం వైపు చూద్దాం. మన నడుము కింద గిన్నె ఆకారంలో ఉండే ఎముకల కూర్పును శ్రోణి మేఖల అంటారు. దానిలో అన్నిటికంటే కిందిభాగాన ఉండేవి ఇస్కియం ఎముకలు. గట్టి చెక్కబల్ల మీద కూర్చుని, అరచేతులను కిందికి జొనిపితే కుడి ఎడమల రెండు గుబ్బలు చేతికి తగులుతాయి. అవే ఆ ఎముకల అడుగు కొనలు. వీటిని మనం కూర్చునే ఎముకలు అనవచ్చు. శరీరభారాన్ని మోయడానికి ప్రకృతి ఏర్పరచిన స్థానాలు ఇవే. వీటి నడుమ ఉన్న మెత్తని భాగం గుండా ముఖ్యమైన నాడులు, రక్తనాళాలు పోతాయి. ఆ భాగానికి బరువు మోసే శక్తి లేదు. దానిని నొక్కి ఉంచితే రక్తప్రసరణ తగ్గి, తిమ్మిరి పుడుతుంది. బరువును ఎముకల మీద నిలిపి, నడిమి భాగాన్ని వదిలిపెట్టేదే మంచి సీటు. ఎంపికకు సంబంధించిన తక్కిన విషయాలన్నీ ఈ ఒక్క విషయం నుండి పుట్టినవే.

మెత్తని సీటు ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. భౌతికశాస్త్రం చదివినవారు పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని వెంటనే చెబుతారు. సీటు మీద 36 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. అది 60 చదరపు సెంటీమీటర్ల మేర పరచుకుంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 600 గ్రాములు పడుతుంది. 120 చదరపు సెంటీమీటర్లకు పరచుకుంటే 300 గ్రాములే. ఈ లెక్క ప్రకారం మెత్తని, వెడల్పాటి సీటే మేలు కావాలి. లెక్కలో తప్పు లేదు. అయితే ఆ బరువు శరీరంలో ఏ భాగం మీద పరచుకుంటున్నదో లెక్క చెప్పదు. మందమైన ఫోములో ఎముకల గుబ్బలు దిగబడతాయి. దిగబడినచోటి ఫోము నడుమకు నెట్టుకొని ఉబ్బుతుంది. మోయలేని మెత్తని భాగాన్నే నొక్కుతుంది. బూరుగుదూది పరుపు మీద రోజంతా కూర్చుని రాసుకొమ్మంటే ఎవరూ రాయలేరు. చెక్కబల్ల మీద పలుచని చాప వేసుకొని కూర్చుంటే రాయగలరు. బజారులో సీటుకు తొడిగే జెల్ తొడుగులు దొరుకుతాయి. గంటసేపటి ప్రయాణానికి వాటి వల్ల హాయి కలిగే మాట నిజమే. మూడు గంటలు దాటిన తరువాత మాత్రం అవి పక్కకు జరుగుతూ, వేడిని పట్టి ఉంచుతూ కొత్త బాధను తెచ్చిపెడతాయి.

కూర్చునే ఎముకల మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది. సగటున స్త్రీలలో ఇది కొంత ఎక్కువ. అయినా ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు పురుషులలో కూడా తేడా ఉండవచ్చు. లావుగా ఉన్నవారికి వెడల్పాటి సీటు కావాలనుకోవడం పొరపాటు. కండకూ కొవ్వుకూ ఈ కొలతతో సంబంధం లేదు. దీనిని ఇంటివద్దనే కొలుచుకోవచ్చు. అట్టపెట్టె నుండి ఒక ముక్కను కోసి, గట్టి మెట్టు మీద పరచి, పలుచని దుస్తులతో దానిపై కూర్చోవాలి. సైకిలు మీద వంగినంతగా ముందుకు వంగి, మడమలను కాస్త పైకెత్తి ఒక నిమిషం ఉండాలి. లేచి చూస్తే అట్టపై రెండు గుంటలు కనబడతాయి. ఆ గుంటల మధ్యబిందువుల దూరాన్ని స్కేలుతో కొలవాలి. పెద్దవారిలో ఇది సాధారణంగా 100 నుండి 140 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఆ కొలతకు సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు కలిపితే సీటు వెనుకభాగానికి తగిన వెడల్పు వస్తుంది. 115 మిల్లీమీటర్లు తేలినవారు 135 నుండి 145 మిల్లీమీటర్ల సీట్లతో పరీక్ష మొదలుపెట్టవచ్చు. బాగా వంగి తొక్కేవారికి కొంచెం సన్ననిది, నిటారుగా కూర్చునేవారికి కొంచెం వెడల్పాటిది నప్పుతుంది.

వెడల్పు తరువాత చూడవలసింది ఆకారం. సీటు ముందరి సన్నని కొనను ముక్కు అంటారు. నిట్టనిలువు ఎక్కుడులో ముందుచక్రం పైకి లేవకుండా ఉండేందుకు తొక్కేవాడు ముందుకు జరిగి ముక్కు మీద కూర్చుంటాడు. కొండసైకిలు సీటుకు ముక్కు మరీ పదునుగా ఉండకూడదని చెప్పడానికి కారణం ఇదే. సీటు నడుమ పొడవుగా గాడినో రంధ్రాన్నో ఏర్పరచి, మెత్తని భాగంపై ఒత్తిడి తగ్గించడం నేడు సర్వసాధారణం. ఇదేదో ఇటీవలి కల్పన అనుకుంటారు. కాని 1890లలోనే అమెరికాలో స్పాల్డింగ్ సంస్థ అమ్మిన 'క్రిస్టీ' సీటుకు రెండు వేరువేరు మెత్తలు, వాటి నడుమ ఖాళీ ఉండేవి. ఆ సీటు ప్రకటనలలో శ్రోణి ఎముకల బొమ్మను కూడా ముద్రించేవారు. అది స్త్రీలు పెద్దసంఖ్యలో సైకిలు నేర్చుకుంటున్న కాలం. స్త్రీలు సైకిలు తొక్కవచ్చునా అన్న వివాదంలో ఆనాటి వైద్యులు సీటును కూడా ఒక కారణంగా చూపారు. సీటు బాగాలేకపోతే సీటును మార్చాలి గాని స్త్రీలను ఇంట కూర్చోబెట్టడం ఏమి న్యాయమో ఆ వైద్యులకే తెలియాలి.

ఆ తరువాత ఎన్నో దశాబ్దాలపాటు సీట్ల తయారీదారులు పురుషుల శరీరాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. అమెరికాకు చెందిన ఇంజనీరు జార్జీనా టెర్రీ 1985లో స్త్రీల శరీర కొలతలకు తగిన సైకిళ్ల కోసం ఒక సంస్థను స్థాపించింది. 1990లలో ఆ సంస్థ నడుమ ఖాళీ ఉన్న సీట్లను స్త్రీల కోసం తెచ్చింది. వాటి సుఖాన్ని చూసి పురుషులకు కూడా తయారుచేసింది. నేడు పేరున్న తయారీదారులలో పలువురు ఒకే నమూనాను రెండు మూడు వెడల్పులలో అందిస్తున్నారు. స్త్రీల సీటు, పురుషుల సీటు అన్న విభజన కంటే ఇది శాస్త్రీయమైన పద్ధతి. అయితే గాడి ఉన్న సీటు అందరికీ నప్పుతుందనుకోరాదు. కొందరికి ఆ గాడి అంచులే కోసుకుంటాయి. వారికి నడుమ కాస్త పల్లంగా ఉన్న సాదా సీటు మేలు.

తిమ్మిరిని గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కాళ్ల నొప్పి శ్రమకు గుర్తు. రాత్రి విశ్రాంతితో తీరుతుంది. సీటు వద్ద కలిగే తిమ్మిరి నాడులూ రక్తనాళాలూ నలుగుతున్నాయనడానికి సూచన. సిగ్గుపడి దాచుకోవలసిన విషయం కాదు. అమెరికాలో వృత్తి ఆరోగ్య భద్రతను పరిశోధించే జాతీయ సంస్థ, ఐదు నగర ప్రాంతాలలో సైకిలుపై గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లను ఆరు నెలలు వాడించి, ఫలితాలను 2008లో ప్రకటించింది. అంతకుముందు ఆరు నెలలలో తిమ్మిరి అన్నదే ఎరగని వారు నూటికి 27 మంది ఉండగా, కొత్త సీట్లు వాడిన తరువాత వారు నూటికి 82 మంది అయ్యారు. ఒత్తిడి ఎక్కడ పడుతున్నదన్నదే కీలకమని ఈ పరిశీలన నిరూపించింది. ముక్కు లేని సీటును కొండదారికి మాత్రం సులభంగా సిఫారసు చేయలేము. రాళ్ల దారిలో సైకిలును అదుపు చేయడానికి తొక్కేవాడు తొడలతో ముక్కును అదుముతాడు. ఆ ఆధారం పోతే మలుపులలో తడబాటు కలుగుతుంది. మన ప్రయాణికునికి తగిన మార్గం ముక్కును ఉంచుకొని, దాని మీద బరువు పడకుండా సీటును అమర్చుకోవడమే.

దూరప్రయాణికులు ఎంతో ఇష్టపడే తోలు సీట్ల చరిత్ర కూడా తెలుసుకోదగినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో గుర్రపు జీనులు మొదలైన తోలు వస్తువుల వ్యాపారం ప్రారంభించాడు. 1878లో అతని గుర్రం చనిపోగా ఎరువు తెచ్చుకున్న సైకిలుపై పనికి వెళ్లాడనీ, దాని సీటు బాధ భరించలేక మంచి సీటును తయారుచేయాలని పూనుకున్నాడనీ ఆ సంస్థవారు చెబుతారు. 1882లో అతడు సీటుకు పేటెంటు పొందాడు. ఆ సంస్థ తోలు సీట్లు నేటికీ ఇంగ్లండులో తయారవుతున్నాయి. ఇందులో ఫోము లేదు, దూది లేదు. మందపాటి తోలును ముందొక కొసకు, వెనుకొక కొసకు బిగించి లాగుతారు. నులకమంచానికి నులక ఎంతో దీనికి తోలు అంత. కొత్తలో అది చెక్కలా గట్టిగా ఉంటుంది. కొత్త చెప్పు కరిచినట్లే ఇది కూడా కరుస్తుంది. వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత ఎముకల గుబ్బలు తాకేచోట తోలు తగ్గి, ఆ మనిషికి మాత్రమే అమరే రూపాన్ని పొందుతుంది. దీని బరువు ఎక్కువ. వానలో నానితే సాగి పాడవుతుంది. అప్పుడప్పుడు తోలుకు మైనం పట్టించి, ముందున్న మరను కొద్దిగా బిగించాలి. వర్షాకాలంలో బురద దారుల వెంట తిరిగేవారికి ప్లాస్టిక్ పెంకుపై పలుచని గట్టి ఫోము అతికిన నేటి సీట్లే అనుకూలం.

మంచి సీటును తెచ్చినంతనే పని పూర్తికాదు. సరిగా అమర్చని మంచి సీటు చెడ్డ సీటుతో సమానం. ముందుగా ఎత్తు చూడాలి. సీటుపై కూర్చుని, మడమను పెడలు మీద ఆనించి, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు చక్కగా చాచుకోవాలి. ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలిలో స్వల్పమైన వంపు మిగులుతుంది. సీటు ఎక్కువ ఎత్తులో ఉంటే పెడలు అందుకోవడానికి తుంటి కుడి ఎడమలకు ఊగుతుంది; ఆ ఊపే చర్మాన్ని ఒరిపిస్తుంది. మరీ తక్కువ ఎత్తులో ఉంటే కాళ్లు బరువును మోయక, భారమంతా సీటుపై కుమ్మరిస్తాయి. మోకాళ్లు కూడా నొస్తాయి. తరువాత వాలు చూడాలి. సీటు పైభాగం నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకి లేస్తే మెత్తని భాగం నలుగుతుంది. ఆ భయంతో ముక్కును బాగా కిందికి దించితే శరీరం ముందుకు జారుతూ ఉంటుంది. ఆ జారుడును ఆపడానికి చేతులు రోజంతా హ్యాండిలును నెడుతూ మణికట్లు మొద్దుబారుతాయి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయని చేతితొడుగులు మార్చేవారిలో కొందరి అసలు రోగం సీటు వాలులోనే ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీల మార్పుతో కలిగే తేడా కూడా దూరప్రయాణంలో స్పష్టంగా తెలుస్తుంది.

సీటు అడుగున ఉన్న రెండు కడ్డీల వెంట దానిని ముందుకు, వెనుకకు జరపవచ్చు. పెడలు కడ్డీని నేలకు సమాంతరంగా ముందువైపు నిలిపి, తాపీమేస్త్రీలు వాడే గుండుదారాన్ని మోకాలి చిప్ప కింది నుండి వేలాడదీస్తే, అది ఇంచుమించుగా పెడలు ఇరుసు మీదుగా పోవాలి. ఇది తొలి అమరికకు ఆధారం మాత్రమే. హ్యాండిలు అందడం లేదని సీటును ముందుకు లాగడం సరికాదు. అప్పుడు హ్యాండిలునే దగ్గరగా తెచ్చుకోవాలి. ఏ మార్పు చేసినా కొద్దికొద్దిగా, ఒక్కసారికి ఒక్కటే చేసి, కనీసం రెండు మూడు రోజులు తొక్కి చూడాలి. ఎత్తు, వాలు, స్థానం మూడింటినీ ఒకే పూట మార్చినవాడు దేనివల్ల మేలు కలిగిందో ఎన్నటికీ తెలుసుకోలేడు.

ఎక్కడానికి సరిపోయిన సీటు దిగేటప్పుడు అడ్డమవుతుంది. రాళ్ల దారిలో కిందికి దిగేవాడు పెడళ్ల మీద లేచి, తుంటిని సీటు వెనుకకు జరుపుతాడు. అప్పుడు సీటు ఎత్తుగా ఉంటే పొట్టకు తగులుతుంది; దాని అంచు దుస్తులకు తగులుకుంటే ప్రమాదమే. ఈ చిక్కును తొలితరం వారే గుర్తించారు. జో బ్రీజ్ తన మిత్రునితో కలిసి 1980లలో 'హైట్-రైట్' అనే స్ప్రింగును రూపొందించాడు. సైకిలు దిగకుండానే సీటును కిందికి నొక్కి, మళ్లీ పైకి తేవడానికి అది ఉపకరించేది. నేడు హ్యాండిలు మీది మీటను నొక్కితే పైకీ కిందికీ కదిలే సీటు పిల్లర్లు విరివిగా వాడుకలోనికి వచ్చాయి. తారుదారి అధికంగా ఉండే ప్రయాణంలో వీటి అవసరం తక్కువ; బరువు మాత్రం మిగులుతుంది.

చర్మ సంరక్షణ విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. చెమట, ఒరిపిడి, మురికి మూడూ కలిసినచోట రోమకూపాలు వాచి కురుపులు లేస్తాయి. సైకిలు తొక్కడానికి ప్రత్యేకించి కుట్టిన మెత్త ఉన్న బిగుతు లాగులు దొరుకుతాయి. ఈ లాగును లోదుస్తులు లేకుండా నేరుగా ధరించాలి. ఈ మాట వినగానే చాలామంది సందేహిస్తారు. లోదుస్తుల కుట్లు సరిగ్గా బరువు పడేచోటనే ఉంటాయి. అవి లోపల ఉంటే మెత్త వల్ల ప్రయోజనం ఉండదు. ప్రతి సాయంత్రం లాగును ఉతికి ఆరవేయాలి. లడఖ్ గాలి పొడిగా ఉండడం వల్ల ఆరడం కష్టం కాదు. ఆ చలిలో నీళ్లు ముట్టి ఉతకడమే కష్టం. రెండు జతలు దగ్గర ఉంచుకుంటే ఒకటి ఆరేలోగా మరొకటి ధరించవచ్చు. ప్రయాణం ముగిసిన వెంటనే ఒంటిని శుభ్రపరచుకొని పొడి బట్టలు కట్టుకోవాలి. కురుపు లేచి వాపు పెరిగితే ఒకరోజు ఆగడం వివేకం. మొండిగా తొక్కితే ఒకరోజు ఆలస్యం కాస్తా ప్రయాణ విరమణగా పరిణమిస్తుంది.

ఇంత చెబితే 'సాహసయాత్రకు బయలుదేరినవాడికి ఈ సుకుమారం ఎందుకు' అని ఆక్షేపించేవారుంటారు. 1923లో బొంబాయి నుండి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928లో స్వదేశం చేరారు. ఎడారులను, పర్వతాలను నేటి పరికరాలేవీ లేకుండానే దాటారు. వారి ఓర్పు మహనీయమైనది. దారిలో ఎదురయ్యే చలిని, ఎండను, ఎదురుగాలిని, ఆకలిని ఓర్చుకోవడం సాహసంలో భాగమే. బయలుదేరకముందే ఇంటివద్ద సరిచేసుకోగల లోపాన్ని వెంట తీసుకుపోవడం సాహసం అనిపించుకోదు. ఓర్పును కనుమల కోసం దాచుకోవడమే మంచిది.

సీటును గురించి మిత్రులు చెప్పే మాటకు కూడా ఒక హద్దు ఉంది. 'నేను వాడేది అద్భుతం' అని మిత్రుడు చెప్పినప్పుడు అది అతని ఎముకలకు అద్భుతమనే అర్థం. ఖరీదుకు కూడా సుఖంతో సంబంధం తక్కువ. ఎక్కువ ఖరీదు తరచుగా తక్కువ బరువుకు చెల్లించే మూల్యం. కొన్ని దుకాణాలవారు కొద్దిరోజులు వాడి చూసి తిరిగి ఇచ్చే అవకాశం కల్పిస్తారు, దానిని వినియోగించుకోవాలి. కొత్త సీటు అలవడటానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి రోజులలో ఎముకల వద్ద కలిగే నొప్పి క్రమంగా తగ్గితే సీటు కుదిరినట్లే. తిమ్మిరి, చర్మం ఒరుసుకుపోవడం వంటివి తగ్గకపోతే ఎన్నాళ్లు ఎదురుచూసినా ఫలితముండదు. సీటునో అమరికనో మార్చాలి. హైదరాబాదువారికి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, విశాఖవారికి అరకు ఘాట్ రోడ్డు, రాయలసీమవారికి మదనపల్లె సమీపాన ఉన్న హార్సిలీ కొండ ఇందుకు తగిన పరీక్షాస్థలాలు. వరుసగా రెండు రోజులు ఎక్కి చూడాలి. మొదటినాటి కంటే రెండవనాటి ఉదయం, నిన్నటి నొప్పి మీద మళ్లీ కూర్చున్నప్పుడు, సీటు అసలు గుణం బయటపడుతుంది.

అలా కుదిరిన అమరిక చెదిరిపోయే సమయం ఒకటుంది. తెలుగు ప్రాంతాల నుండి మనాలికి వెళ్లేవారు సైకిలును విడదీసి పెట్టెలో సర్ది, రైలులోనో విమానంలోనో పంపవలసి వస్తుంది. అప్పుడు సీటు పిల్లరును గొట్టం నుండి బయటికి తీస్తారు. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు కంటి అంచనాకు వదిలితే ఒక సెంటీమీటరు తేడా సులభంగా వస్తుంది. నెలల తరబడి చేసిన పరీక్ష వృథా అవుతుంది. విడదీయడానికి ముందే పిల్లరు గొట్టంలోనికి దిగేచోట రంగు టేపును చుట్టాలి. సీటు కడ్డీలను పట్టిన బిగింపుకు ముందూ వెనుకా చెరగని సిరాతో గీతలు గీయాలి. సీటు ముక్కు నుండి హ్యాండిలు వరకు గల దూరాన్ని కొలిచి, కాగితంపై రాసి పర్సులో ఉంచుకోవాలి. ఆ మరలకు సరిపోయే అలెన్ తాళంచెవిని చేతిసంచిలో పెట్టుకోవాలి. విమానంలో పోయేవారు దానిని సైకిలు పెట్టెలోనే వేయడం మేలు. మనాలి చేరి సైకిలును బిగించిన సాయంత్రం బియాస్ నది వంతెన దాకా తొక్కి వచ్చి, మరలను మరొకసారి బిగించి చూసుకుంటే, మరునాటి ఉదయం రోహతాంగ్ దారి పట్టవచ్చు.